ఊరందరికీ అల్లుడుగారు

మా అమ్మమ్మగారి ఊరినుంచి ఒకాయన చేపల చెరువుల పనిమీద తాడేపల్లిగూడెం వచ్చి, దారిలో మా ఇంటికి కూడా వచ్చాడు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెడుతూ, "అల్లుడుగారు పోయారండి, పోయిన వారం" అన్నాడు.

"అయ్యో, ఎవరి అల్లుడండీ?" అంది మా కోడలు. ఎవరో చిన్నవయసు మనిషి అనుకుంది పాపం. ఆయనకి డెబ్భై దాటాయనీ, అత్తమామలు పోయి చాలా ఏళ్ళయిందనీ, అయినా ఆ ఊళ్ళో ఆయన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తారనీ దానికి చెప్పేసరికి, వచ్చినాయన బస్సు టైమైందని లేచాడు.

ఆయన మా బాబాయి. మా అమ్మ చెల్లెలి భర్త. తాతయ్యకి మగపిల్లలు లేరు. పెద్దకూతురైన మా అమ్మని ఏలూరు ఇచ్చారు. అక్కడ మా నాన్న కచేరీలో గుమాస్తా. రెండోపిల్లని మాత్రం బయటికి పంపడం ఇష్టంలేక, ఇల్లరికానికి ఒప్పుకునే సంబంధం కోసం ఎదురుచూసి, మెట్టప్రాంతం నుంచి బాబాయిని తెచ్చుకున్నారు. 'తెచ్చుకున్నారు' అన్నది నా మాట కాదు. "మా రెండోదానికి మెట్టనించి కుర్రాణ్ణి తెచ్చుకున్నాం" అని అమ్మమ్మే అనేది, మంచి గిత్త గురించి చెప్పినంత మురిపెంగా.

ఆయనకి ఒక పేరుంది. ఆ ఇంట్లో అది ఎవరి నోటా వినలేదు. పిన్ని మొగుడి పేరు పలకదు. అత్తమామలకి ఆయన అల్లుడుగారు. వాళ్ళని చూసి పాలేళ్ళకీ, చాకలికీ, ఊళ్ళో అందరికీ అల్లుడుగారే. మాకు బాబాయి.

ముప్ఫైల్లో మాట ఇది. మా అమ్మకి వరసగా కాన్పులు రావడంతో నన్నూ మా తమ్ముణ్ణీ కొన్నేళ్ళు అమ్మమ్మ దగ్గర ఉంచారు. పిన్నికి ఒక్కతే కూతురు, చిట్టి. మేం ముగ్గురం పగలల్లా బాబాయి వెనకే తిరిగేవాళ్ళం.

ఆ ఊరు కొల్లేటి ఒడ్డున. చూపు ఎటు పోయినా దేనికీ తగలదు. ముందు వరిచేలు, వాటి తరవాత కిక్కిసగడ్డి, ఆ తరవాత నీళ్ళు, నీళ్ళమీద ఆకాశం. మా పిల్లలకి రాయి అంటే రోలూ, సన్నికల్లూ. నేలమీద ఎవరూ పెట్టకుండా పడివుండే రాళ్ళుంటాయని మాకు తెలియదు. వానాకాలం కొల్లేరు పొంగిందంటే ఇళ్ళచుట్టూ నీళ్ళు చేరేవి. అప్పుడు పక్కవీధికి పోవాలన్నా తాటిదోనే దిక్కు. తాడిమాను తొలిచి చేసిన ఆ దోనెల్ని మా ఊరి పిల్లలు ఆటగా నడిపేవాళ్ళు. బాబాయికి ఈత రాదు. దోనె ఎక్కితే రెండంచులూ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒడ్డు వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఎక్కడ కాస్త ఎత్తుంటే అక్కడ నిలబడడం ఆయన అలవాటు. నేలమీద నిలబడి మాట్లాడుతున్నవాడు, తెలియకుండానే అరుగెక్కేవాడు. బండి విప్పి ఉంటే నొగలమీద ఒక కాలు పెట్టేవాడు. గడ్డిమేటు సరిచేసే పని ఎప్పుడున్నా పాలేళ్ళకి చెప్పకుండా తనే ఎక్కేవాడు. పైకి పోయాక గడ్డి సరిచెయ్యడం మరిచిపోయి వాయవ్యం వైపు చూస్తూ నిలబడేవాడు.

"ఏం కనిపిస్తోంది బాబాయ్?" అని కిందనించి అరిచేవాళ్ళం.

"ఏం లేదర్రా. మబ్బు" అనేవాడు.

ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇది నేను కచ్చితంగా చెప్పగలను. మా వైపు మాటతీరే మెత్తన, మా తాతయ్యది మరీ మెత్తన. "మీ ఇల్లు, మీ పొలం, మీ ఇష్టమండీ. నేననేదేమిటంటే..." అని మొదలుపెట్టేవాడు. ఆ 'నేననేదేమిటంటే' తరవాత వచ్చిందే ఆ ఇంట్లో జరిగేది. అమ్మమ్మ అల్లుడి ఎదట పడేది కాదు. అన్నేళ్ళు ఒకే కప్పుకింద ఉండి కూడా తలుపు చాటునుంచే మాట్లాడేది, అదీ నన్ను మధ్యన పెట్టి.

"అమ్మాయ్, అల్లుడుగారు ఇవాళ పల్లపుచేలో నీళ్ళు తీయించుకుంటారేమో కనుక్కో."

ఆ మాట ఆయన చెవిని పడుతూనే ఉంది. ఆయన నావైపు చూసి, "తీయిస్తానని చెప్పమ్మా" అనేవాడు. ఆవిడ చెవినీ పడుతూనే ఉంది. నేను ఇద్దరి మధ్యా స్తంభంలా నిలబడి, అటు చెప్పాలా, ఇటు చెప్పాలా అని నవ్వుకునేదాన్ని.

ఒక్క మాట పరుషంగా అని ఉంటే బావుండేదేమో. అన్నవాళ్ళని తిరిగి అనొచ్చు. విసురుగా లేచిపోవచ్చు. వెన్నలా మాట్లాడేవాళ్ళని ఏంచేస్తాం?

బాబాయికి అక్కడ మెట్టలో తల్లి ఉంది, తమ్ముడున్నాడు. తల్లికి మోకాళ్ళ జబ్బు, ప్రయాణం చెయ్యలేదు. ఆమెని చూడాలని బాబాయి అడగడం నేను చాలాసార్లు విన్నాను. తాతయ్య పడకకుర్చీలో ఉండేవాడు, బాబాయి అరుగు చివర నిలబడేవాడు.

"అమ్మని చూసి రెండ్రోజుల్లో వచ్చేస్తానండీ."

"తప్పకుండా వెళ్ళాలండీ. తల్లి కదండీ. ఈ ఊడ్పులు అవనివ్వండి, నేనే బండి కట్టిస్తాను."

"అలాగేనండి."

ఊడ్పులయ్యాక కలుపులు. కలుపులయ్యాక కొల్లేరు పొంగుతుందేమోనని భయం. ఆ తరవాత కోతలు, నూర్పులు. అవన్నీ అయ్యేసరికి ఎండలు ముదిరి, "ఈ వడగాడ్పులో ప్రయాణమెందుకండీ, నాలుగు చినుకులు పడనివ్వండి" అనేవాడు తాతయ్య. చినుకులు పడితే మళ్ళీ ఊడ్పులు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. మా తాతయ్య అబద్ధం ఆడే మనిషి కాదు.

ఏటా దసరా వెళ్ళాక ఇంటిల్లిపాదీ చిన్నతిరుపతి వెళ్ళేవాళ్ళం. తెల్లవారుజామున బండి కడితే పొద్దువాలేవేళకి కొండ కనిపించేది. కొండకింద సత్రంలో దిగి, మర్నాడు దర్శనం చేసుకుని, ఆ పైన ఇంకో రోజుండి తిరిగొచ్చేవాళ్ళం. ఆ ఇంకో రోజు పెద్దవాళ్ళు సత్రంలో నడుం వాల్చేవాళ్ళు. మేం అల్లరి చేసేవాళ్ళం. అప్పుడు బాబాయి, "పిల్లల్ని అలా కొండమీద తిప్పుకొస్తానండీ" అనేవాడు.

"తిప్పుకురండి. పాపం, సరదా పడుతున్నారు" అనేవాడు తాతయ్య. ఒకసారి మేం గుమ్మం దిగుతుంటే తలుపు చాటున అమ్మమ్మ తాతయ్యతో అన్నది నాకు వినిపించింది. "పిల్లలు వెంట ఉన్నారు లెండి. వేళకి వచ్చేస్తారు." మా ఆకలి సంగతి అనుకున్నాను అప్పుడు.

అది గుడి ఉన్న కొండకి వెనకగా, పడుకున్న ఎద్దు వీపులా పరుచుకున్న కొండ. పశువులు తిరిగే బాట ఉంది. మూడేళ్ళ పిల్ల కూడా ఎక్కగలదు. ఎక్కేది కూడా, మా చిట్టి. సత్రం మెట్లు దిగి బాట ఎక్కగానే బాబాయి భుజంమీది ఉత్తరీయం తీసి తలకి చుట్టేవాడు, పంచె పైకి ఎగ్గట్టేవాడు. చెప్పులు ఒక పొదలో దాచేవాడు. అప్పటినుంచి ఆయన వేరే మనిషి.

ఆయన నడకకి ఒకటే నియమం. అందరికంటే చిన్నవాళ్ళు ముందు నడవాలి, వాళ్ళని దాటి ఎవరూ పోకూడదు.

"చిట్టి ఎంత దూరం నడిస్తే కొండ అంతే. అది ఆగితే మనకీ కొండ అయిపోయినట్టే" అనేవాడు.

చిట్టి చీమలబారు దగ్గర కూర్చుంటే అందరం కూర్చునేవాళ్ళం. బండమీద తొండ తలాడిస్తే, అది వెళ్ళిపోయేదాకా మేమూ దానికి తలాడించేవాళ్ళం. మా తమ్ముడు రాళ్ళు ఏరేవాడు. వాడికి ప్రతి రాయీ వింతే. చొక్కా నిండా నింపుకుని, బరువుకి వంగి నడుస్తూ, "బాబాయ్, ఇవన్నీ ఎవరివి?" అనేవాడు.

"నీవే. ఇక్కడ దేన్నీ అడిగి తీసుకోనక్కర్లేదు" అనేవాడు బాబాయి.

కొండవాలున ఒకచోట నిలబడి అరిస్తే మాట తిరిగొచ్చేది. మేం మా పేర్లు అరిచేవాళ్ళం. ఆయన్ని కూడా అరవమంటే చిట్టి పేరే అరిచేవాడు. ఇంట్లో ఈల వెయ్యకూడదు, అమ్మమ్మకి అపశకునం. కొండమీద ఈల వేసేవాడు. మొదటిసారి వేసినప్పుడు ఆ చప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందోనని మేం చెట్లకేసి చూశాం. ఆయన నవ్వాడు. నవ్వితే బాబాయి చిగుళ్ళు కనిపిస్తాయని నాకు ఆ రోజే తెలిసింది.

పైన చదునుగా ఒక పెద్ద బండ ఉంది. ఏటా మేం వెళ్ళేసరికి ఆ బండమీద ఒకాయన, పక్కన సీతాఫలాల బుట్టతో కూర్చుని ఉండేవాడు. బాబాయి ముఖమే, కాస్త నల్లగా, కాస్త చిన్నగా. మేం ఆయన్ని కాయల బాబాయి అనేవాళ్ళం. కొండకి రెండోవైపునుంచి ఎక్కి వచ్చేవాడు. అన్నదమ్ములిద్దరూ భుజం భుజం ఆనించి కూర్చునేవాళ్ళు. మేం సీతాఫలాలు తిని, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో చూసుకునేవాళ్ళం. వాళ్ళు పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. వానలెలా ఉన్నాయి, ఆవు ఈనిందా, అమ్మ ఎలా ఉంది. ఆ చివరి ప్రశ్నకి కాయల బాబాయి, "బాగానే ఉంది. నిన్నే తలుస్తోంది" అనేవాడు. ఆ తరవాత బాబాయి వేలు చూపించి, "అదిగో, ఆ తాడితోపు కనిపిస్తోందా? దాని వెనకే మా ఇల్లు" అని మాకు చెప్పేవాడు. ప్రతి ఏడూ చెప్పేవాడు. మేం సరే అనేసి మళ్ళీ గింజలాటలో పడేవాళ్ళం.

ఆ ముచ్చటంతా మేం ఇంట్లో చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు.

నాకు పదకొండో ఏడు వచ్చిన సంవత్సరం కాయల బాబాయి బుట్ట లేకుండా వచ్చాడు. బండమీద కూర్చోకుండా, మేం వచ్చే బాటకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా, అమ్మ మంచం పట్టి నెలయింది. అన్నం సయించడం లేదు. ఒక్కసారి చూసిపో. కింద బండి పెట్టుకొచ్చాను. దిగితే గంటలో ఇల్లు."

బాబాయి మా ముగ్గురినీ చూశాడు. సత్రం ఉన్నవైపు చూశాడు.

"మేమూ వస్తాం బాబాయ్! బండెక్కుదాం!" అని గంతేశాడు మా తమ్ముడు. వాడికి బండి మోజు. చిట్టి అప్పటికే రెండోవైపు బాట పట్టి దిగుతోంది. నియమం ప్రకారం మేమంతా దాని వెనకే దిగాం.

ఎర్రనేల నేను మొదటిసారి చూసింది ఆ రోజే. బండిచక్రాలకి అంటుకున్న మట్టి కుంకుమలా ఉంది. ఇల్లు చిన్నది, తాటాకు కప్పు. లోపల కుక్కిమంచంలో ఒక ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బాబాయి మంచం పక్కన కూర్చుని, "అమ్మా" అన్నాడు.

ఆవిడ తిరిగి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"వచ్చావా నాయనా. అన్నం తిన్నావా?" అంది. అని, చిట్టిని చూసి, "ఇది నీ పిల్లేనా?" అంది.

ఆవిడ తన మనవరాల్ని చూడడం అదే మొదలు. దగ్గరికి తీసుకుని, ముద్దుపెట్టుకోకుండా, నడినెత్తిమీద ముక్కు ఆనించి వాసన చూసింది, చాలాసేపు. చిట్టి కితకితలకి నవ్వింది.

కాయల బాబాయి మాకు వేరుశనక్కాయలు ఉడకబెట్టి పెట్టాడు. మేం అరుగుమీద తొక్కలు కుప్ప పోస్తూ తిన్నాం. లోపలికి చూస్తే బాబాయి తల్లి మంచం పక్కన నేలమీదే, చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. పగటిపూట ఆయన నిద్రపోవడం మేం ఎన్నడూ చూడలేదు. ఆవిడ చెయ్యి ఆయన జుట్టులో ఉంది. "లేపకండి, లేపకండి" అని మాకు సైగ చేసింది.

పొద్దు వాలుతుంటే కాయల బాబాయే లేపాడు. ముఖం కడుక్కుని బాబాయి అరుగుమీదికి వచ్చాక, ఆయన నెమ్మదిగా అడిగాడు.

"ఉండిపో అన్నయ్యా. వదిన్నీ తీసుకొచ్చెయ్. అందరం ఉన్నదే తిందాం. నేనొక్కణ్ణీ అమ్మనీ చూసుకుని, చేలూ చూసుకోలేకపోతున్నాను."

బాబాయి లోపలికి చూసి, మావైపు చూసి, "పిల్లల్ని దింపి వస్తాను. నువ్వు కొండకింద ఇటుపక్క బండి ఉంచు" అన్నాడు. గట్టిగానే అన్నాడు. లోపల ఆవిడకి కూడా వినబడే ఉంటుంది.

తిరిగి కొండ ఎక్కేటప్పుడు చిట్టి ముందు నడవలేదు. ఆయన భుజంమీద నిద్రపోయింది. మేం ఆయన వెనక పరుగులాంటి నడక నడిచాం. రొప్పుతూ సత్రం చేరేసరికి తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ తలుపు చాటున కాదు, నడివాకిట్లోనే ఉంది.

"ఆలస్యమైందేమిటండీ?" అన్నాడు తాతయ్య.

బాబాయి నోరు తెరిచేలోపే మా తమ్ముడు, "బాబాయి వాళ్ళింటికి వెళ్ళాం! అక్కడ నానమ్మ శనక్కాయలు పెట్టింది!" అన్నాడు.

తాతయ్య గొంతులో ఏ మార్పూ లేదు.

"మంచిపని చేశారండీ. పెద్దావిడ్ని చూడ్డం ధర్మం. మాతో ఒక్క మాట అంటే మేమూ వచ్చి పలకరించేవాళ్ళం కదా. మీరు వేరూ మేం వేరూ అనుకున్నాం కాదు. కాళ్ళు కడుక్కోండి, భోంచేద్దురుగాని."

బాబాయి కాళ్ళు కడుక్కున్నాడు. వడ్డించారు. తిన్నాడు.

అందరూ పడకలు చేరేవేళ నేను వసారాలో చిట్టి పక్కన పడుకుని ఉన్నాను. బాబాయి ఉత్తరీయం భుజంమీద వేసుకుని, చేతికర్ర తీసుకుని మెట్లదాకా వెళ్ళి నిలబడ్డాడు. పిన్ని వెనకే వచ్చింది. పిన్ని పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తల్లి చాటు పిల్లగానే పిల్లతల్లి అయింది.

"బండి ఉందా అక్కడ?" అంది.

"ఉంది."

"వెళ్ళండి. పొద్దున్న నేను చెప్పుకుంటాను."

ఆయన చటుక్కున తిరిగి ఆమెని చూశాడు. అన్నేళ్ళ కాపురంలో ఆ మాట వస్తుందని అనుకుని ఉండడు.

"నువ్వూ రా. చిట్టిని నేనెత్తుకుంటాను. ఎంతో దూరం లేదు."

లోపల అమ్మమ్మకి దగ్గుతెర వచ్చింది. ఆవిడకి ఉబ్బసం. తాతయ్య "అమ్మాయ్, వేణ్ణీళ్ళు" అని పిలిచాడు, ఆ మెత్తటి గొంతుతోనే. పిన్ని లోపలికి చూసింది, బాబాయిని చూసింది.

"నేనెలాగండీ?" అంది. అంటూనే కళ్ళు తుడుచుకుని, "మీరు వెళ్ళండి. వెళ్ళి రండి" అంది.

బాబాయి ఇంకాసేపు నిలబడ్డాడు. ఒక మెట్టు దిగాడు. చిట్టి నిద్రలో "నాన్నా" అని కలవరించింది. అది రోజూ కలవరిస్తుంది. ఆయన ఆ మెట్టుమీదే కూర్చుండిపోయాడు. పిన్ని వేణ్ణీళ్ళు పెట్టడానికి లోపలికి వెళ్ళింది. కొండకి అవతల బండి పెట్టుకుని ఒకాయన ఎంతసేపు చూశాడో, ఎప్పుడు ఎద్దుల్ని మళ్ళించుకు వెళ్ళాడో నాకు తెలియదు.

మరుసటి ఏడు కొండకింద సత్రంలో మేం అల్లరి మొదలుపెట్టగానే తాతయ్య, "ఈ ఎండలో పిల్లలకి కొండెందుకు లెండి. ఆ మండపం నీడన ఆడుకుంటారు" అన్నాడు. బాబాయి "అలాగేనండి" అన్నాడు. మండపం నీడన మేం ఆడుకున్నాం. ఆయన స్తంభానికి ఆనుకుని మమ్మల్ని చూస్తూ కూర్చున్నాడు. అక్కడినుంచి ఆ కొండ కనిపించదు.

ఆ తరవాతి వానాకాలం తమ్మిలేరు, బుడమేరు ఒక్కసారే వచ్చి కొల్లేట్లో పడ్డాయి. మా వీధి మునిగింది. దొడ్లో పశువుల్ని గట్టుమీదికి తోలేశారు. మూడోనాడు దోనెమీద ఒక మనిషి కబురు తెచ్చాడు. బాబాయి తల్లి పోయింది. తలకొరివి పెద్దకొడుకే పెట్టాలని కోరిందట. వస్తాడని చూస్తున్నారు.

బాబాయి అరుగు దిగి మోకాలిలోతు నీళ్ళలోకి నడిచాడు. దోనె అంచు పట్టుకున్నాడు.

"అల్లుడుగారూ," అన్నాడు తాతయ్య. ఈసారి ఆయన గొంతు నిజంగానే వణికింది. "మీకు ఈత రాదు. ముందు ఏటి ఉరవడి ఎలా ఉందో చూశారు కదా. నీళ్ళు తియ్యనివ్వండి. నేనే వెంట వస్తాను. మా పిల్ల ముఖం చూడండి."

దోనె తెచ్చిన మనిషి కూడా, "ఎదురెళ్ళడం కష్టమేనండి, వచ్చేటప్పుడే రెండుసార్లు తిరగబడబోయింది" అన్నాడు. అదీ నిజమే. బాబాయి దోనె అంచు వదల్లేదు, ఎక్కలేదు. నీళ్ళలో అలా నిలబడే ఉన్నాడు. పిన్ని వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తలకొరివి కాయల బాబాయి పెట్టాడు.

నీళ్ళు తీశాక తాతయ్య అన్నట్టే బండి కట్టించి, పక్కన కూర్చుని తీసుకెళ్ళాడు, పక్కన కూర్చునే తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఎంతో ఆదరంగా మాట్లాడాడని బండివాడు చెప్పాడు. ఆ తరవాత బాబాయి గడ్డిమేటు ఎక్కడం మానేశాడు. పాలేళ్ళే సరిచేసుకునేవాళ్ళు.

నాకు పెళ్ళయి కాపురానికి వెళ్ళేనాటికి ముప్ఫైలు ముగింపుకొచ్చాయి. అత్తవారిది తాడేపల్లిగూడెం. ఏలూరులో రైలెక్కించేటప్పుడు, సారె సామానుతో తోడుగా వెళ్ళడానికి ఎవరని వెతికితే, ఎవరికీ తీరిక లేదు. తాతయ్య బాబాయిని పంపాడు. పెట్టెలో మిగతావాళ్ళు కునికిపాట్లు పడుతున్నారు. నేను ఏడ్చి ఏడ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను. బాబాయి ఎదురుగా కూర్చున్నాడు.

రైలు భీమడోలులో ఆగింది. చిన్నతిరుపతి వెళ్ళేవాళ్ళు అక్కడే దిగుతారు. బాబాయి లేచి ప్లాట్‌ఫారం మీదికి దిగాడు. మంచినీళ్ళకేమో అనుకున్నాను. ఆయన చేతిలో చెంబు లేదు. దిగిన యాత్రికులు మూటలు నెత్తిన పెట్టుకుని బళ్ళవైపు నడుస్తున్నారు. ఆయన వాళ్ళ వెనక కొంతదూరం వెళ్ళాడు. గేటు దగ్గర ఆగాడు. గార్డు ఈల వేశాడు. వెళ్ళిపొమ్మని అరవాలనిపించింది, రమ్మనీ అరవాలనిపించింది. రైలు కదిలింది. ఆయన వెనక్కి తిరిగి నాలుగంగల్లో వచ్చి కమ్మీ పట్టుకుని ఎక్కాడు. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

ఉంగుటూరు దాటాక, కాలవ గట్టు కనిపిస్తుండగా, అన్నాడు.

"అమ్మా, ఒక మాట చెప్తాను. ఎవరితోనూ అనకు. కొత్తచోటికి వెళ్తున్నావు. వాళ్ళు మంచివాళ్ళే. మంచివాళ్ళ దగ్గరే ఇది మరీ అవసరం. మొదటి నెలలోనే ఒక్కసారి, దేనికో ఒకదానికి, 'కుదరదండీ' అని చూడు. చిన్నదానికే చూడు. నోరు తిరుగుతుందో లేదో తెలుస్తుంది. ఆలస్యమైతే ఇంక తిరగదు."

"మీరెప్పుడైనా అన్నారా బాబాయ్?"

ఆయన కిటికీలోంచి చూశాడు. "కొండమీద అనేవాణ్ణి. ఎవరూ లేనప్పుడు" అన్నాడు.

నన్ను అప్పగించి, భోజనం చేసి, అందరికీ నమస్కారాలు పెట్టి ఆ సాయంత్రపు రైలుకే వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆయన్ని పెళ్ళిళ్ళలో, దినాల్లో చూస్తూనే ఉన్నాను. ఎప్పుడూ ఇద్దరం ఒంటరిగా మాట్లాడుకోలేదు. అత్తమామలు పోయారు, పొలమంతా ఆయన చేతికొచ్చింది, ఎక్కడికైనా వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఎందుకని నేను అడగలేదు.

మా అత్తగారు నిజంగానే మంచిమనిషి. గొంతు కూడా మెత్తన. నేను కాపురానికి వచ్చిన కొద్దిరోజులకి మా అమ్మకి మళ్ళీ పురుటిరోజులు దగ్గరపడ్డాయి. ఒక పగలు అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతూ అంది.

"అమ్మాయ్, పురిటికి ఏలూరు వెళ్తానన్నావటగా. వెళ్ళొద్దనడం లేదమ్మా. ఇక్కడ ఇంటెడు పనుంది కదా. మీ పిన్ని వచ్చి చూసుకుంటుందిలే, ఏమంటావ్?"

రెండో గదిలో మావగారు పేపరు మడతపెట్టిన చప్పుడు వినిపించింది. గడపమీద కాలు ఆనించి నిలబడ్డాను.

"కుదరదండీ అత్తయ్యగారూ. నేను వెళ్ళాలి."

ఆవిడ చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూసింది. ఇల్లు కూలుతుందనుకున్నాను.

"అయితే వెళ్ళు మరి" అంది. "వచ్చేటప్పుడు ఏలూరు బజార్లో మంచి జల్లెడ దొరికితే పట్రా. ఇక్కడివి తొందరగా తెగిపోతున్నాయి."

అంతే. వంకాయల పళ్ళెం దగ్గరికి లాక్కుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. నేను పెరట్లోకి వెళ్ళి, నూతి చప్టామీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కొత్తకోడలికి పుట్టింటిమీద బెంగ కాబోలనుకుని, ఎవరూ నన్ను కదపలేదు.